మార్గరీతమ్మ పైవస్త్రం

"లాగండ్రా! బతికుండగానే పైకి రావాలి వాడు!"

బావులు కడిగే ఫాజియో తనే బావిగోడ పట్టుకుని ఎక్కుతున్నాడు. అయినా పైనున్నవాళ్ళు ఆగలేదు. పూడిక తీయడానికి నడుముకు కట్టుకున్న తాడుతోనే అతన్ని గట్టుకు బాదుకుంటూ పైకి లాగి, బురద ఒంటితో కూడలి మధ్య పడేశారు. సంచి ఇంకా చేతిలోనే ఉంది. కసాయి నార్దో దాన్ని లాక్కుని నేలమీద కుమ్మరించాడు.

"చూశారా? తెల్లపొడి!"

"సున్నం అది," అన్నాడు ఫాజియో దగ్గుతూ. "బావి కడిగాక వేస్తారు. మీ తాతలనాటి నుంచీ వేస్తున్నదే."

"మా తాతలకి చంకల్లో గడ్డలు లేవలేదురా, బెర్గామో నుంచి ఊడిపడ్డ కుక్కా!"

రొట్టెల పొయ్యి దగ్గర్నుంచి లాపా పరుగెత్తుకొచ్చేసరికి భర్త చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. ఆమె జనంలోకి దూసుకుపోయింది. ఎవరూ పట్టుకుని ఆపలేదు. తగులుతుందేమోనని పక్కకు తప్పుకున్నారు, అంతే. ఈ జబ్బు మొదలైన దగ్గర్నుంచి మా మోంతెసెర్రాలో మనిషిని మనిషి ముట్టుకోవడం మానేశాడు. తల్లులు జావగిన్నెను కర్రతో పిల్లల ముందుకు తోశారు. అన్న ఇంటి తలుపుకు తమ్ముడు బయటినుంచి మేకులు కొట్టాడు. చావుగంట విన్నప్పుడల్లా రోగులు బెదిరిపోతున్నారని చర్చి గంటలు కూడా ఆపించారు.

ఆపించింది సెర్ తాల్దో. దస్తావేజులు రాసే నోటరీ ఆయన. ఊరి అధికారి తన పల్లెటూరి మేడకు పారిపోయాడు, పెద్దల సభలో మిగతావాళ్ళు గోతిలోకి చేరారు. దాంతో ఇప్పుడు ఊరికి చట్టం ఆయనే. వెనిగర్‌లో తడిపిన గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని చర్చి మెట్లమీద నిలబడ్డాడు.

"ఊరి ద్వారాలు మూయించింది నేను," అన్నాడు. "పీసా నుంచి, లూకా నుంచి పాతగుడ్డ పీలిక కూడా రానివ్వలేదు. వచ్చిన మూటనల్లా ద్వారం దగ్గరే తగలబెట్టించాను. అయినా జబ్బు లోపలికొచ్చింది. అంటే లోపల ఎవడో తెచ్చాడు. ఈస్టర్‌కి ముందు పై వీధి బావులన్నీ కడిగిందెవరు? ఇతను. ముందు చచ్చిందెవరు? పై వీధివాళ్ళు."

"ఉరి!" అని ఎవరో అరిచారు. ఆ మాట అందరి నోళ్ళలోకీ పాకింది.

జనం వెనకనుంచి దోన్ సీమోనె ముందుకొచ్చాడు. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క ఫాదర్. అంగీ నిండా గోతుల మట్టి.

"పాపసంకీర్తనం లేకుండా ఎవణ్ణీ ఉరి తీయనివ్వను. అక్కడ పూడ్చాల్సినవాళ్ళు ఎండలో పడి ఉన్నారు. పొద్దుగూకేసరికి వస్తాను. వీడి మాట వింటాను. ఆ తర్వాత మీరూ, మీ దేవుడూ."

"సరే, పొద్దుగూకేదాకా," అన్నాడు సెర్ తాల్దో. "గంటస్తంభంలో పెట్టండి వాణ్ణి. అదెలాగూ ఖాళీగానే ఉందిగా."

లాపా మెట్లకు అడ్డంపడింది. "అయ్యగారూ, పెళ్ళిదాకా మీ ఇంట్లోనే కదా నేను పనిచేసింది. ఈయన మీ బావి కడిగిన రోజు మీ చేత్తోనే వైన్ పోసిచ్చారే!"

"ఆ బావి నీళ్ళు తాగే నా కూతురు మంచానపడింది." తాల్దో వెనిగర్ గుడ్డని ముక్కుకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు. "చేసింది ఇతను కాదంటావా? మరెవరో చెప్పు, ఇప్పుడే విప్పి పంపిస్తాను. నాకు పేరు కావాలి లాపా. ఊరికీ పేరే కావాలి."

*

లాపా నేరుగా తాల్దో ఇంటికే వెళ్ళింది. కాళ్ళు పట్టుకుంటే ఆయన కరగకపోయినా, ఆయన భార్య మోన్నా ఫియా కరగొచ్చని ఆమె ఆశ. పనిమనుషులందరూ పారిపోయినట్టున్నారు, వీధితలుపు బార్లా తీసి ఉంది. పైగదిలో మోన్నా ఫియా ఒక్కతే కూతురి మంచం పక్కన కూర్చుంది. పన్నెండేళ్ళ ఓరెత్త కళ్ళు మూసుకుని ఎగశ్వాస తీస్తోంది. ఒంటిమీద మెడదాకా ఎర్ర ముఖమల్ వస్త్రం.

మార్గరీతమ్మ పైవస్త్రం. మోంతెసెర్రాలో దాన్ని గుర్తుపట్టనివాళ్ళు లేరు.

కాన్పుల తల్లి, పునీత మార్గరీతమ్మ మాకు ఇలవేల్పులాంటిది. ఆవిడ గుడి ఊరి బయట కొండమీద ఉంది. చలికాలంలో ఎవరో ఆవిడకు ఆ వస్త్రం మొక్కు చెల్లించారు. ఇచ్చినవాడి పేరు బయటపడితే మొక్కు ఫలం పోతుందని మావాళ్ళ నమ్మకం. కాబట్టి ఎవరని ఎవరూ బాహాటంగా అడగలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో జబ్బు మొదలయ్యాక, తల్లి మనల్ని కాస్తుందని సెర్ తాల్దోయే ముందు నడిచి విగ్రహాన్ని ఊరేగింపుగా ఊళ్ళోకి తీసుకొచ్చాడు. గాలికి ఎగిరొచ్చిన గుడ్డపీలికని కూడా తగలబెట్టే ద్వారపాలకులు ఆరోజు టోపీలు తీసి మోకాళ్ళమీద కూర్చున్నారు. ఊరంతా వస్త్రం అంచు ముద్దుపెట్టుకుంది. అప్పట్నుంచి ఏ ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా ఆ వస్త్రం తెచ్చి కప్పడం ఆచారమైంది. పెద్దిళ్ళకు ముందు, మిగతావాళ్ళకు తర్వాత.

"నువ్వటే లాపా?" అంది మోన్నా ఫియా తల ఎత్తకుండా. "మీ ఆయన సంగతైతే నన్నడక్కు. ఇది లేచి కూర్చుంటే అప్పుడు ఎవరికోసమైనా బతిమాలతాను."

"పాపకి ఎప్పట్నుంచమ్మా జ్వరం?"

"జ్వరమా? మొదట జ్వరం ఎక్కడిదీ. మెట్లమీంచి జారి కాలు మెలితిప్పుకుంది. కుంటుతూనే నాతో దెబ్బలాడింది, అత్తిపళ్ళు కావాలని. కాలుకని అమ్మ వస్త్రం తెప్పించారు మీ అయ్యగారు. రెండోరోజు ఒళ్ళు కాలిపోయింది. మూడోరోజుకి గజ్జలో గడ్డ."

లాపా మంచం దగ్గరికి జరిగింది.

"ఎదురింటి ముసలాయనకి కీళ్ళనొప్పులే కదమ్మా ఉండేవి?"

"అవును. ఆయన మంచిగానే ఉన్నాడు. వస్త్రం కప్పాక..." మోన్నా ఫియా మాట మధ్యలో ఆగింది. "ఏంటే నువ్వు అడిగేది?"

లాపా వంగి వస్త్రం అంచు తిరగేసింది. పైనుంచి చూస్తే దొరసాని కట్టుకునే ముఖమల్. లోపలివైపు కొత్త అస్తరు కుట్టారు. కుట్టు పక్కన, పై అంచు పొడుగునా, జానెడుకొకటి చొప్పున గుండ్రటి తుప్పు మరకలు. రెండుచోట్ల చిల్లులు రఫ్ఫు చేసి ఉన్నాయి. ఇలాంటి మరకలు ఈ ఇంట్లోనే ఎన్నిసార్లు నిమ్మరసంతో తోమిందో ఆమెకు గుర్తు. అస్తరు కొస దగ్గర వేలు దూర్చి లాగింది. దారం టపటపమని తెగింది. ముఖమల్ వెనక ముదురు గోధుమరంగులో ఎండిపోయిన మచ్చ, మనిషి తల ఆనే ఎత్తులో.

"ఇది పైవస్త్రం కాదమ్మా," అంది లాపా. "పందిరిమంచం తెర. ఎవరో చచ్చిన మంచానిది."

మోన్నా ఫియా ఆ మచ్చను చూసింది, కూతుర్ని చూసింది. తర్వాత రెండు చేతులతో ఆ గుడ్డని పిల్లమీంచి ఈడ్చి అవతల పారేసింది. ఓరెత్త కళ్ళు తెరవలేదు.

*

గంటస్తంభం కింద కాపలాకుర్రాడు లేడు. భయపడి ఎటో పోయాడు. తాళం వేసిన చెక్కతలుపు సందులోంచి లాపా భర్తని పిలిచింది.

"ఏమయ్యా! దొరికింది! బావి కాదు, ఏమీ కాదు. ఆ గుడ్డ! మార్గరీతమ్మ గుడ్డ! అది వెళ్ళిన ఇల్లల్లా పోయింది. కింది వీధివాళ్ళు తాగేదీ అవే బావులు, వాళ్ళల్లో ఒక్కడు చావలేదు. ఎందుకని? తాల్దో ఇంకా వాళ్ళ వంతు రానివ్వలేదు కాబట్టి! అందరి ముందూ తిరగేసి చూపిస్తాను. తుప్పు మరకలు ఇంతింత ఉన్నాయి, రింగులవి..."

"జానెడుకొకటి," అన్నాడు ఫాజియో లోపల్నుంచి.

లాపా చెవిని తలుపు సందుకి ఆనించింది.

"రెండు చిల్లులు ఉండాలి," అన్నాడు అతను మళ్ళీ. "లూకాలో దర్జీ చేత రఫ్ఫు చేయించాను. అస్తరు వేయించాను."

"ఏమంటున్నావు?"

"డిసెంబర్‌లో నీకు కాన్పు కష్టమైంది కదే. బిడ్డ పోయింది. నువ్వూ పోతావన్నారు. నువ్వు బతికితే తల్లికి ముఖమల్ కడతానని మొక్కుకున్నాను. ఆ తర్వాత పీసాలో బావి పనికి వెళ్ళానుగా. ఆ ఇంట్లో యజమాని చచ్చిపోయాడు, కొడుకూ చచ్చిపోయాడు. జ్వరమన్నారు. అప్పటికి ఈ జబ్బుకి పేరు కూడా లేదు లాపా. కూలికి బదులు ఈ తెర తీసుకుపొమ్మంది ముసల్ది. నేనెంత సంబరపడ్డానో తెలుసా? బావులవాడి చేతికి ముఖమల్!"

ఎవరైనా వింటున్నారేమోనని లాపా వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరికి తెలుసు?" అంది లాపా చివరికి.

"దోన్ సీమోనెకి. పేరు చెప్పనని శిలువ మీద ఒట్టేశాడు."

"ఒట్టేశాడా? మంచిది."

"ఏం మంచిది? ఎంతమంది పోయారే! ఆ పాప ఓరెత్త... ఫాదర్ వచ్చాక అందరి ముందూ చెప్పేస్తాను. ఎలాగూ ఉరే కదా. బావులకైతేనేం, గుడ్డకైతేనేం."

"నోరుముయ్యి!" లాపా తలుపును అరచేత్తో కొట్టింది. "ఆ మొక్కు నాకోసం మొక్కావు కదూ? అయితే నా మాట విను. ఊళ్ళో అందరూ ఆ గుడ్డ ఎవరిచ్చారనుకుంటున్నారో తెలుసా నీకు?"

ఫాజియోకి తెలుసు. ఊరందరికీ తెలుసు. ఊరేగింపు రోజున సెర్ తాల్దోని అందరూ మెచ్చుకున్నారు. "మీరే కదూ?" అని కన్నుగీటారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. కళ్ళు దించుకుని, చిన్నగా నవ్వి, "ఎవరిస్తే ఏముంది, అమ్మది అమ్మకి చేరింది" అన్నాడు. ఎంత వినయమో అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"అబద్ధం చెప్పకే," అన్నాడు ఫాజియో. "మనిషి ప్రాణమే అది."

"నీదేమిటి మరి?" అని లాపా వచ్చేసింది.

*

పొద్దు కొండల మీదికి వాలేసరికి కూడలి నిండింది. బావిగట్టు మీది దూలానికి నార్దో తాడు వేసి ముడి చూసుకుంటున్నాడు. తలారి పోయినవారమే చచ్చాడు. మేకలకీ మనుషులకీ పెద్ద తేడా ఉండదని నార్దోయే ఒప్పుకున్నాడు. దోన్ సీమోనె చేతులు కడుక్కుని మెట్లదాకా వచ్చాడు.

"ఆగండి!"

లాపా తాల్దో ఇంటినుంచి ఎర్ర ముఖమల్‌ని పొడుగాటి కర్ర కొసకి తగిలించి మోసుకొచ్చి, కూడలి మధ్య దాన్ని విదిలించి పరిచింది, వెనకవైపు పైకి.

"ఒసే! అమ్మ వస్త్రాన్ని నేలమీదా?" అని జనంలోంచి ఎవరో అరిచారు.

"అమ్మ వస్త్రమట! దగ్గరికి రండి. ముట్టుకోకండి, చూడండి చాలు. ఈ మరకలేంటి? బట్టలుతికే వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి."

కింది వీధి చాకలి ముసల్ది మెడ సాచి చూసింది. "మంచం తెర రింగులు," అంది. "నా జన్మంతా ఉతికినవే. అదిగో, ఆ మచ్చ నెత్తుటి కక్కు. అది పోదు, ఏం పెట్టినా పోదు."

"కాలు బెణికిన పిల్లకి దీన్ని కప్పారు," అంది లాపా. "గడ్డ లేచింది. కీళ్ళనొప్పుల ముసలాయనకి కప్పారు. ఇల్లంతా పోయింది. మీ మీ ఇళ్ళల్లో ఏం జరిగిందో మీరే చెప్పండి. నేను చెప్పను."

 మొగుడు పోయిన ఒకామె అంది: "మా ఆయనకి ఉత్త దగ్గే." ఇంకోడు: "మా అమ్మకి కళ్ళు మసకలని తెచ్చాం." మూడోవాడు అంచు ముద్దుపెట్టుకున్న తన పెదాలు మోచేత్తో తుడుచుకున్నాడు, మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. నార్దో తాడు వదిలేశాడు. వాళ్ళ ఇంటికి ఆ వస్త్రం రెండుసార్లు వెళ్ళింది. ఇప్పుడా ఇంట్లో అతనొక్కడే.

"బావి కాదన్నమాట," అన్నాడు నార్దో మెల్లగా. ఆ తర్వాత మెట్లవైపు తిరిగాడు. "సెర్ తాల్దో. ఈ గుడ్డ ఇచ్చింది మీరేగా?"

తాల్దో చేతిలోని వెనిగర్ గుడ్డ కిందపడింది. "నేనా? నేనెప్పుడన్నాను?"

"అమ్మది అమ్మకి చేరిందన్నారు!"

"అన్నాను, అయితే? అది... అది ఒక మాట. నేనిచ్చానని అనలేదు. ఎవరైనా విన్నారా నేనిచ్చానని?"

"ద్వారం దాటించింది మాత్రం మీరే కదండీ," అన్నాడు ద్వారపాలకుడొకడు. "మా అత్త దుప్పటి తెస్తే తగలబెట్టమన్నారు. ఇదొచ్చినప్పుడు మోకాళ్ళమీద కూర్చోమన్నారు."

"దేవతని సోదా చేయమంటావా? విగ్రహం బట్టలు విప్పి చూడమంటావా?"

"నేను విన్నాను."

ఆ మాట అన్నది మోన్నా ఫియా. ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలీదు. తలమీద ముసుగు లేదు, జుట్టు విరబోసుకుని ఉంది. ఆ జుట్టు చూడగానే ఓరెత్త పోయిందని ఊరికి తెలిసిపోయింది.

"నాతో అన్నావు," అంది ఆమె మొగుడితో. "పక్కలో పడుకుని అన్నావు. ఎవరికీ చెప్పకు ఫియా, ఆ ముఖమల్ నేనే ఇచ్చాను అన్నావు. నీ చేయి ముద్దుపెట్టుకున్నాను నేను."

"ఫియా, అది అబద్ధమే! గొప్పకోసం చెప్పాను. నీ దగ్గర గొప్పకోసం!"

"పిల్ల పోయింది తాల్దో."

జనం మెట్లెక్కసాగారు. ఇన్నాళ్ళూ ఒకర్నొకరు ముట్టుకోనివాళ్ళు ఇప్పుడు భుజాలు రాసుకుంటూ ఎక్కారు. తాల్దో పక్కనున్న ఫాదర్ అంగీ పట్టుకున్నాడు.

"ఫాదర్, మీకు తెలుసు! మొక్కు తీసుకుంది మీరే. చెప్పండి, నేను కాదని చెప్పండి!"

దోన్ సీమోనె నోరు తెరిచాడు. లాపా ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన చూపు గంటస్తంభం మీదికి వెళ్ళి, మెడలోని శిలువ మీదికి దిగింది.

"ఒట్టేశాను," అన్నాడు. "ఎవరనీ చెప్పలేను. ఎవరు కాదనీ చెప్పలేను."

"కాదని చెప్పలేడంట!" అని ఎవరో కేకేశారు. నార్దో అప్పటికే తాల్దో కాలర్ పట్టుకున్నాడు. కానీ కసాయివాడికీ ఒక నీతి ఉంటుంది. తాడు వేసేముందు అతను లాపా వైపు తిరిగాడు.

"ఇదంతా బయటపెట్టింది నువ్వు. నీకు తెలియకుండా ఉండదు. ఆ గుడ్డమీద చెయ్యిపెట్టి, మార్గరీతమ్మ మీద ఒట్టేసి చెప్పు. తప్పుడు ఒట్టేస్తే నీ గతేంటో నీకు తెలుసు. ఈ చావుగుడ్డని ఊరిమీదికి తెచ్చిందెవరు?"

లాపా మోకాళ్ళమీద కూర్చుంది. మచ్చ ఉన్నచోటే అరచెయ్యి ఆనించింది. ముఖమల్ మెత్తగా, ఎండకి వెచ్చగా ఉంది. తలెత్తి చూస్తే తాల్దో ఏడుస్తున్నాడు. ఆయన చెప్పేది నిజమని ఆ కూడలిలో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆమె ఒకతి.

అప్పుడు గంటస్తంభం కిటికీ ఊచల్లోంచి ఒక గొంతు వినబడింది. "ఆయన కాదు! వినండయ్యా! ఆ తెర పీసా నుంచి..."

జనం తలలు పైకి తిరగబోయాయి.

"సెర్ తాల్దో!" లాపా గొంతు చించుకుని అరిచింది, పైనుంచి వచ్చే ఆ మాట మునిగిపోయేలా. "తెచ్చింది సెర్ తాల్దో!"